విశ్వాసంలో నులివెచ్చని స్థితి నుంచి బయటపడ్డవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అందరికీ వందనాలు. నేను బాప్తిస్మం తీసుకుని 12 ఏళ్లయింది. ఆదివారం ఆరాధన మానను, కానుక ఇస్తాను, పాటలన్నీ నోటికొచ్చు. చూసేవాళ్లకు ఏ లోటూ కనబడదు. కానీ మొన్న రాత్రి మోకరించి, రోజూ చెప్పే మాటలే చెప్పి, ఆమేన్ అని లేచాక ప్రభువును ఏం అడిగానో ఒక్కటీ గుర్తు రాలేదు. చాలాసేపు మంచం మీద అలాగే కూర్చుండిపోయాను.

నా బైబిల్లో రిబ్బన్ రెండు నెలలుగా హెబ్రీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయం దగ్గరే ఉంది. ఈపాటికి బోధకులుగా ఉండాల్సినవాళ్లకు ఇంకా పాలే, అంటే మొదటి పాఠాలే, కావాల్సి వస్తున్నాయని ఉంటుందక్కడ. నా గురించే అనిపించింది. ప్రకటన గ్రంథంలో ప్రభువు మందలించిన లవొదికయ సంఘానిదీ ఇదే పరిస్థితి కదా, చల్లగానూ లేదు, వెచ్చగానూ లేదు, నులివెచ్చగా ఉంది. పెద్ద పాపంలో పడి ఉంటే ఏడ్చి ఒప్పుకునేదాన్ని. ‘బాగానే ఉన్నాను’ అన్న ఈ తృప్తిని ఎలా ఒప్పుకోవాలో తెలియట్లేదు.

ఉపవాసం ఉండి చూశాను, వారం తిరిగేసరికి మళ్లీ మామూలే. యాకోబు 1:22 చెప్పినట్టు, తక్కువ చదివినా చదివింది చేయడం మొదలుపెట్టాలేమో.

ఈ దశ దాటినవాళ్లు ముందుగా ఏం మార్చుకున్నారు? ఒక్కరే ప్రయత్నించారా, లేక ఎలా సాగుతోందని వారం వారం మిమ్మల్ని అడిగేవాళ్లు ఎవరైనా ఉన్నారా? దయచేసి మీ అనుభవం రాయండి.