అప్‌డేట్: మూడు పదాల కరీబియన్ పాట పేరు తేలింది

కరీబియన్ పాటల పేర్లు ఊహించే ఆన్‌లైన్ ఆటలో, మూడేసి ఇంగ్లిష్ అక్షరాలున్న మూడు పదాల పేరొకటి తేలడం లేదని, ఏ, ఈ, ఐ మూడూ తప్పని చూపిస్తోందని ఇక్కడ అడిగాను. సాయపడిన అందరికీ ధన్యవాదాలు. ఒకే పదం మూడుసార్లు రావచ్చునన్న సూచనే ఫలించింది: ‘ఓ’ నొక్కగానే మూడు పదాల్లోనూ నడిమి గడి ఒక్కసారే నిండింది, ‘టి’తో చివరి గళ్లు కూడా నిండాక ఇక ఆలోచించవలసిన పనే లేకపోయింది. జవాబు ‘హాట్ హాట్ హాట్’. కరీబియన్ దీవి మాంట్‌సెరాట్‌కు చెందిన గాయకుడు యారో 1982 ఆల్బమ్‌లోని సోకా (హుషారైన కరీబియన్ నృత్య సంగీతం) పాట. కొందరు చెప్పినట్టు బ్రౌజర్ మార్చడం, కుకీలు తుడిచేయడం దీనికి అక్కరలేదు, ఆటలో లోపమేమీ లేదు. జమైకా రెగే పాటల జాబితా చూడమన్న సలహా ఈ పేరుకు పనికిరాలేదు గాని, తర్వాత వచ్చిన ‘త్రీ లిటిల్ బర్డ్స్’ మాత్రం దానివల్లే చిటికెలో దొరికింది.