పెరటి కొలనుకు, దాని బురద అంచుకు ఏ మొక్కలు తగినవి?

ప్రశ్న (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

అందరికీ నమస్కారం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు మా పెరట్లో రెండు కొబ్బరి చెట్లు వేళ్లతో సహా కూలిపోయాయి. అప్పుడు పడిన గోతిని పూడ్చడానికి మనసు రాక, కొంత వెడల్పు చేయించి, అడుగున బంకమట్టి మెత్తించి చిన్న కొలనుగా మార్చుకున్నాము. పొడవు పది అడుగులు, వెడల్పు ఆరు అడుగులు, నడుమ లోతు రెండున్నర అడుగులు. బావి గట్టు మీది నీళ్లు ఒక పక్కకు చేరడం వల్ల ఆ అంచు నాలుగడుగుల మేర ఏడాది పొడవునా బురదగానే ఉంటుంది.

రెండేళ్ల కిందట తామర దుంప తెచ్చి నాటాను. ఆకులు నీటి మీద చక్కగా పరచుకుంటున్నాయి కానీ ఇంతవరకు ఒక్క మొగ్గ కూడా కనిపించలేదు. పడమటి వైపున పనస చెట్టు ఉన్నందున కొలను మీద ఉదయం ఎనిమిది నుంచి పదకొండున్నర వరకే ఎండ పడుతుంది. మా మామగారు నాటిన చెట్టు కాబట్టి దాన్ని కొట్టించే ఆలోచన లేదు. ఈ నీడలో పూసే మొక్కలు ఏవి? బురద అంచున వంటకు పనికివచ్చేవి ఏమైనా పెంచవచ్చునా అని మా అత్తగారు అడుగుతున్నారు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు (రాయగడ నుంచి, విశ్రాంత ఉపాధ్యాయుడు)

అమ్మా, మీ తామరకు జబ్బేమీ లేదు, ఎండ చాలడం లేదు, అంతే. తామర మొదట నాణేల్లాంటి చిన్న ఆకులను నీటి మీద పరుస్తుంది. ఆ తరువాత వచ్చే ఆకుల కాడలు నీటిని దాటి పైకి లేచి గొడుగుల్లా నిలబడతాయి, మొగ్గ వచ్చేది ఆ దశలోనే. రెండేళ్లుగా ఆకులన్నీ నీటి మీదే ఉన్నాయంటే మొక్క తొలి మెట్టు దాటలేదన్నమాట. దానికి రోజుకు కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ తగలాలి. డాబా మీద ఎండ ఉంటే అడుగున రంధ్రం లేని వెడల్పాటి సిమెంటు గోలెంలోకి దుంపను మార్చండి. దుంపను అడ్డంగా పడుకోబెట్టి, మొలక కొన మాత్రం మట్టి పైకి ఉండేలా చూడండి. ఆ కొన చాలా పెళుసుగా ఉంటుంది. అది విరిగితే ఆ కణుపు నుంచి ఇక మొలక రాదు.

మీ కొలనుకు నేను కలువనే చెబుతాను. మన చెరువుల్లోని నీలి కలువ ఉదయం విచ్చుకుని మధ్యాహ్నం దాటాక ముడుచుకుంటుంది. ఎర్ర కలువ పొద్దు గూకిన తరువాత విచ్చి మరునాడు తొమ్మిది పది గంటల దాకా నిలుస్తుంది కాబట్టి ఇంటి పనులన్నీ ముగించుకుని సాయంత్రం పెరట్లోకి వచ్చేవారికి అంతకంటే మంచి పువ్వు లేదు. అయితే మీకున్న మూడున్నర గంటల ఎండలో ఈ రెండూ అరకొరగానే పూస్తాయి. అంత ఎండతో నమ్మకంగా పూసేది డాబెన్ అనే లేత నీలి రకం, కడియం వైపు నర్సరీల్లో అడిగి చూడండి. దాని ముదురు ఆకును చేతిలోకి తీసుకుని కాడ అతుక్కున్న చోట చూస్తే బొడిపె ఒకటి తగులుతుంది. ఆకు వడలి మునిగేటప్పటికి ఆ బొడిపెలో నుంచి వేళ్లతో, బుల్లి ఆకులతో పిల్ల మొక్క సిద్ధంగా ఉంటుంది. మా ఇంటి ఒక్క మొక్క నుంచి వీధిలో నాలుగిళ్లకు ఇలాగే పంచాము.

అడుగు వెడల్పు కుండీలో పొలం బంకమట్టి నింపి నాటండి, పచ్చి పేడ మాత్రం వేయవద్దు. అది నీటిలో కుళ్లి దుంపను చంపుతుంది, నీళ్లను నాచుతో పచ్చగా మారుస్తుంది. పైన గులకరాళ్లు పరచి, మొదట ఇటుకల మీద ఎత్తుగా నిలిపి, ఆకులు పెరిగే కొద్దీ ఇటుకలు తీసి కిందికి దించండి. ఆకులు నీటిలో సగానికి పైగా కప్పితే నాచు దానంతటదే తగ్గుతుంది.

జవాబు (బరంపురం, గంజాం జిల్లా)

బురద అంచు గురించి చెబుతాను, ఎందుకంటే నా దృష్టిలో మీ పెరట్లో అన్నిటికంటే విలువైన చోటు అదే. అక్కడ సరస్వతి ఆకు, పొన్నగంటి కూర రెండూ నీరు పోయకుండానే పెరుగుతాయి. మా పక్కింటి ఒడియా వారు వీటినే థాళకుడి, మదరంగా అంటారు. థాళకుడిని వెల్లుల్లితో నూరి పచ్చడి చేస్తారు. నాలుగు రెక్కల ఆకుతో ఉండే సునుసునియా కూడా అదే చోట వస్తుంది. తూటికూర రుచికరమైనదే కానీ తీగ నీటి మీదికి పాకి కలువల ఎండను మింగేస్తుంది కాబట్టి వారానికొకసారి తుంచలేనివారు దాని జోలికి పోవద్దు. బావి గట్టు మీద సబ్బుతో బట్టలు ఉతుకుతున్నట్లయితే ఆ నీళ్లను ముందు వేరే దారికి మళ్లించండి. పచ్చి ఆకును బాగా కడగకుండా తినవద్దు.

రెండంగుళాల నీరు నిలిచే చోట వస నాటండి. ఆకును నలిపితే చాలు, చేయంతా వాసన పడుతుంది. పనస నీడలో దానికి మధ్యాహ్నపు ఎండ తప్పడం మేలే చేస్తుంది. వెనుక వరుసకు మెట్ట తామర, చేమ చాలు. మా తీరంలో పేరుపొందిన మొగలి కూడా తడి నేలను ఇష్టపడేదే అయినా, ముళ్ల ఆకులతో పొదగా విస్తరిస్తుంది కనుక పిల్లలు తిరిగే పెరటికి తగదు. జమ్మును అసలు రానివ్వకండి. దాని దుంపలు రెండు వానాకాలాల్లో అంచునంతా ఆక్రమిస్తాయి, వాటి మొనలు ప్లాస్టిక్ పరుపును సైతం చీల్చుకుపోతాయి.

ప్రశ్న అడిగినవారు

మాస్టారికి, బరంపురం వారికి కృతజ్ఞతలు. సబ్బు నీళ్లను ఈరోజే అరటి మొక్కల వైపు మళ్లించాము. ఇంకొక్క సందేహం. నీటికి నీడ ఉంటుందని మా పొరుగువారు బుట్టెడు అంతర తామర, కొన్ని గుర్రపు డెక్క మొక్కలు ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చునా? ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నందున దోమల భయం కూడా ఉంది.

జవాబు (జయపురం, కొరాపుట్ జిల్లా)

దయచేసి ఆ రెండూ తీసుకోవద్దు. గుర్రపు డెక్క దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క. వేసవిలో రెండు వారాల్లోనే రెట్టింపు అవుతుంది, వానలకు పొంగి పక్క గెడ్డలో పడితే ఇక దాన్ని ఆపేవారు ఉండరు. దోమల విషయంలో ఇంకా పెద్ద చిక్కు ఉంది. మామూలు దోమ పిల్లలు గాలి కోసం నీటి పైకి రాక తప్పదు కాబట్టి చేపలకు దొరుకుతాయి. మాన్సోనియా అనే దోమ పిల్ల మాత్రం ఈ తేలే మొక్కల వేళ్లకు గుచ్చుకుని అక్కడి గాలినే పీలుస్తూ అడుగునే ఉండిపోతుంది. ఒక రకం బోదకాలును వ్యాపింపజేసేది ఆ దోమే. మలేరియాతో ఇన్నేళ్లు బాధపడిన జిల్లాలు మనవి, ఈ జాగ్రత్త మనకు మరింత అవసరం.

చేపల కోసం దూరం వెళ్లనక్కరలేదు. పొలం కాలువల్లో నీటి పైపైనే తిరుగుతూ, నడినెత్తిన తెల్లని చుక్క మెరిసే వేలెడు చేపలను పది పన్నెండు తెచ్చి వదలండి. గంబూసియా బయటి నుంచి తెచ్చిన చేప, మన చిన్న చేపలను, కప్ప పిల్లలను తినేస్తుంది కనుక వద్దు. ఎండిన పనస ఆకులను రెండు రోజులకొకసారి వలతో ఎత్తివేయండి, అవి కుళ్లితే చేపలు నిలవవు.

జవాబు (రాయగడ నుంచి)

అమ్మా, తామర దుంపను ఇప్పుడే కదిలించవద్దు. చలికాలంలో ఆకులు ఎండి దుంప నిద్రపోతుంది. మాఘం వెళ్లి ఫాల్గుణం వచ్చేటప్పటికి, కొత్త కొనలు కదలక ముందు తీసి గోలెంలోకి మార్చండి. డాబెన్ దొరకకపోతే ఇక్కడే చెప్పండి, మా గోలెంలోని పిల్ల మొక్కను తడి గోనెలో చుట్టి బస్సులో పంపుతాను.