దిండ్ల మీద పడుకోవడం కూడా యోగానేనా? దానితో నిజంగా నిద్ర పడుతుందా?

మెలకువ:
మూడు వారాలుగా పడుకునే ముందు అరగంట రెస్టోరేటివ్ యోగా చేస్తున్నాను. వెన్ను కింద పొడుగాటి దిండు, మోకాళ్ళ కింద చెరో దుప్పటి మడత పెట్టుకుని సుప్త బద్ధకోణాసనం (వెల్లకిలా పడుకుని అరికాళ్ళు కలిపి, మోకాళ్ళు పక్కలకి వాల్చేది) పది నిమిషాలు, గోడకి కాళ్ళు ఆనించి విపరీతకరణి ఇంకో పది, చివర్లో శవాసనం. చేస్తున్నంతసేపూ హాయిగానే ఉంటుంది. మంచం ఎక్కాక మాత్రం మామూలే, నిద్ర పట్టేసరికి గంట దాటుతోంది. చేతి బ్యాండ్ యాప్‌లో గాఢ నిద్ర అంకె కూడా ఏమీ కదలలేదు. నేనేమైనా తప్పు చేస్తున్నానా, లేక దీనికీ నిద్రకీ సంబంధమే లేదా?

పాతచాప:
తప్పు చేయడానికి అందులో ఏముందండీ, దిండు మీద పడుకోవడం రానిదెవరికి? నేను ఇరవై రెండేళ్ళుగా సాధన చేస్తున్నాను. శవాసనంలో ఎవరికైనా కునుకు పట్టిందంటే ఆసనం చెడిందనేవారు మా గురువుగారు, లేపి కూర్చోబెట్టేవారు. ఎరుక లేనిది యోగా కాదు. పగలు ఒంటికి పని చెప్పండి, సూర్యనమస్కారాలు చేయండి, రాత్రి నిద్ర దానంతటదే వస్తుంది.

రాత్రికాపలా:
"స్థిరసుఖమాసనం" అన్నారు పతంజలి. మీకు స్థిరం ఒక్కటే వినపడినట్టుంది, సుఖం కూడా అక్కడే ఉంది. ఇదేదో ఈ మధ్య పుట్టిన సోకు కూడా కాదు. దిండ్లు, బెల్టులు, కుర్చీలు ఆసనాల్లోకి తెచ్చింది పుణెలో బి.కె.ఎస్. అయ్యంగార్ గారు. చిన్నప్పుడు క్షయ, టైఫాయిడ్ పడి లేచిన మనిషి కాబట్టి నీరసపు ఒంటికి ఆసరా కావాలని ఆయనకి తెలుసు. ఆయన దగ్గర నేర్చుకున్న జుడిత్ లాసటర్ లాంటివాళ్ళు దాన్ని అమెరికాలో రెస్టోరేటివ్ యోగా అనే పేరుతో వ్యాప్తి చేశారు. ఇంకా వెనక్కి వెళ్తే హఠయోగ ప్రదీపిక అనే పాత గ్రంథంలోనే శవాసనం "శ్రాంతిహరం, చిత్తవిశ్రాంతికారకం" అని ఉంది. అలసట తీరుస్తుందని అర్థం.

పాతచాప:
విశ్రాంతి అన్నారు, నిద్ర అనలేదు. యోగసూత్రాల్లో నిద్ర కూడా ఒక చిత్తవృత్తే, అంటే నిరోధించాల్సిన మనసు కదలికల్లో ఒకటి. ఆ శ్లోకంలో నిద్ర అనే మాట ఎక్కడుందో చూపించండి, ఒప్పుకుంటాను.

కిటికీపక్క:
ఆయన నిద్ర పట్టట్లేదని అడిగితే మీరు శ్లోకంలో నిద్ర వెతుకుతున్నారు 😀

రెండున్నర:
మెలకువ గారూ, ముందు ఆ యాప్ తీసేయండి. మెదడు తరంగాలు చూస్తే తప్ప గాఢ నిద్ర సరిగ్గా తెలియదు, చేతి బ్యాండ్ మీ కదలికల్నీ గుండె వేగాన్నీ బట్టి అంచనా వేస్తుందంతే. రెండోది, వారానికి కనీసం మూడు రాత్రులు చొప్పున మూడు నెలలు ఇలాగే ఉంటే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. దానికి మొదట ఇవ్వాల్సింది సీబీటీ-ఐ (నిద్ర చుట్టూ ఉన్న అలవాట్లనీ ఆలోచనల్నీ మార్చే చికిత్స) అని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే చెప్పింది. మాత్రలు కాదు, దిండ్లు అంతకన్నా కాదు. అందులో చెప్పేది ఇదీ: నిద్ర పట్టకపోతే ఓ ఇరవై నిమిషాలకి మంచం దిగిపోవాలి, ఎప్పుడు పడుకున్నా పొద్దున ఒకే టైముకి లేవాలి, మంచంలో గడిపే గంటలు కొన్నాళ్ళు తగ్గించుకోవాలి. వినడానికి కఠినంగానే ఉంటుంది కానీ పనిచేస్తుంది. "ఇదిగో రిలాక్స్ అయ్యాను, ఇక నిద్ర రావాలి" అని ఎదురుచూస్తూ చేసే అరగంట మీకు ఇంకో పరీక్ష అయి కూర్చుంది. ఈ యోగా వాళ్ళంతా జనానికి ఆశ పెట్టి కాలం వృథా చేయిస్తారు.

వెలగనిదీపం:
నాకు కళ్ళు మూసుకుని కదలకుండా పడుకుంటే గుండె దడ ఇంకా ఎక్కువవుతుంది, నాకొక్కడికేనా?

రాత్రికాపలా:
మీ ఒక్కరికే కాదు, కొంతమందికి అలా అవుతుంది. కళ్ళు తెరిచే ఉంచి, పక్కకి తిరిగి దిండుని కౌగిలించుకుని పడుకుని చూడండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె కాస్త నెమ్మదిస్తుంది కాబట్టి వదలడాన్ని కొంచెం సాగదీయండి చాలు, లెక్కపెట్టక్కర్లేదు. అప్పటికీ పడకపోతే మానేయండి.

రెండున్నర గారూ, ఎవరు ఆశ పెట్టారండీ మీకు? మా అమ్మ మంచాన పడి ఏడాదిన్నర. పుండ్లు పడకుండా రాత్రి రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. నాకు మంచంలో గంటలు తగ్గించుకోమని ఎవరు చెప్తారు, ఉన్నవే నాలుగు. మధ్యాహ్నం ఆవిడ కళ్ళు మూసినప్పుడు ఇరవై నిమిషాలు దుప్పటి కప్పుకుని గోడకి కాళ్ళు పెట్టి పడుకుంటాను. ఒక్కోసారి నిద్ర పడుతుంది, ఒక్కోసారి పట్టదు. లేచాక మాత్రం మనిషినవుతాను.

పాతచాప:
మధ్యాహ్నం పడక అసలు పనికిరాదు, ఒంటికి బద్ధకం అలవాటవుతుంది.

రాత్రికాపలా:
బద్ధకమా? ఒక్క వారం వచ్చి మా అమ్మ పక్కన రాత్రిళ్ళు కూర్చోండి సార్, ఎరుక అంటే ఏమిటో నేను చూపిస్తాను.

కిటికీపక్క:
👏

పాతచాప:
మీ సంగతి తెలియక అన్నాను. మిమ్మల్ని ఉద్దేశించింది కాదు. సాధన గురించి మాత్రం నా మాట నాదే.

రెండున్నర:
ఆ "ఎరుక" అనే మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది, ఎందుకో చెప్తాను. రెండేళ్ళు నాకు రోజూ రాత్రి రెండున్నరకి మెలకువ వచ్చేది. పగలంతా మత్తు. అందరూ ఒకటే మాట, టెన్షన్ తగ్గించుకో, యోగా చెయ్. చేరాను. క్లాసులో శవాసనం వేస్తే నిమిషాల్లో కునుకు పట్టేది, గురక పెట్టి ఉలిక్కిపడి లేచేవాణ్ణి. అందరూ నవ్వేవారు. "మీ మనసు నిలవట్లేదు, లోపల ఏదో పట్టుకుని వదలట్లేదు" అనేవారు టీచర్. నేనూ నమ్మాను, నాకు వదలడమే చేతకాదని. చివరికి నిద్రలో ఊపిరి ఆగిపోతోందని మా ఆవిడ గమనించింది. పరీక్ష చేయిస్తే స్లీప్ ఆప్నియా. వెల్లకిలా పడుకుంటే గొంతు దగ్గర దారి ఇంకా మూసుకుపోతుందట. అంటే నా మనసు నిలవక కాదు, గాలి ఆడక లేచేవాణ్ణి. ఇప్పుడు రాత్రి సీప్యాప్ మాస్క్ (గొంతు దారి మూసుకుపోకుండా గాలిని ఒత్తిడితో పంపేది) పెట్టుకుని పడుకుంటున్నాను, పొద్దున్నే మనిషిలా లేస్తున్నాను.

రాత్రికాపలా:
అది ఘోరం. కానీ మీకు జరిగినదానికి నా దిండు ఏం చేసిందండీ?

రెండున్నర:
దిండు మీద కోపం లేదు. నిద్ర రాకపోతే అది మనకి రిలాక్స్ అవ్వడం రాకపోవడమే అనే మాట మీద కోపం.

రాత్రికాపలా:
ఆ మాట నేను అనలేదు, ఒక్కసారి పైకి వెళ్ళి చూడండి. మీరు మాట్లాడేది నిద్ర గురించి, అది జబ్బయితే డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. నేను మాట్లాడేది విశ్రాంతి గురించి. నిద్ర రాకపోయినా, నిద్రకి టైమే లేకపోయినా కాసేపు ఒళ్ళు నేలకి వదిలేయడం నాకు కావాలి. దాన్ని నిద్రమాత్రలా తూకం వేస్తే ఓడిపోతుంది మరి.

రెండున్నర:
సరే, అలా అయితే గొడవ లేదు. కానీ అమ్మేటప్పుడు మీలా చెప్పరు కదా ఎవరూ. "గాఢ నిద్రకి" అనే రాస్తారు.

రాత్రికాపలా:
అమ్మేవాళ్ళతో పోట్లాడండి. నేను దుప్పటి మడతపెట్టుకునేదాన్ని.

నీలిచార:
మధ్యలో ఒక మాట. గ్లాకోమా ఉన్నవాళ్ళు విపరీతకరణి లాంటివి కంటి డాక్టర్ని అడగకుండా వేయకండి, కంట్లో ఒత్తిడి పెరగొచ్చు. నెలలు నిండుతున్న గర్భిణులు వెల్లకిలా కాకుండా పక్కకి తిరిగి పడుకోవాలి.

మెలకువ:
అందరికీ థ్యాంక్స్. యాప్ తీసేశాను. ఈ అరగంటని పడుకునే ముందు నుంచి సాయంత్రానికి మార్చి చూస్తాను, నిద్ర లెక్కలు పెట్టుకోకుండా. మూడు నెలలు ఇంకా కాలేదు, అప్పటికీ ఇంతే ఉంటే ఆ సీబీటీ-ఐ సంగతి చూస్తాను. ఇంకో డౌటు, సుప్త బద్ధకోణాసనంలో మెడ నొప్పి వస్తోంది, ఎందుకు?

రాత్రికాపలా:
తల వెనక్కి వాలిపోతున్నట్టుంది. తల కింద ఇంకో మడత వేయండి. గడ్డం కన్నా నుదురు కొంచెం ఎత్తులో ఉండాలి.

పాతచాప:
శ్లోకం గురించి నేనన్నది నేనన్నదే. విశ్రాంతి వేరు, నిద్ర వేరు, ఆవిడ కూడా చివరికి అదే చెప్పారు, గమనించగలరు.

రెండున్నర గారూ, ఆ పరీక్ష ఇంట్లో చేయించుకోవచ్చా, ఆసుపత్రిలో ఒక రాత్రి ఉండాలా? ఈ మధ్య శవాసనంలో నాక్కూడా కళ్ళు మూతలు పడుతున్నాయి. ఇంట్లోవాళ్ళు గురక అంటున్నారు.