జాజ్‌మాస్టర్‌కు మళ్లీ ప్రాణం పోసింది పేరున్న చేతులా, చవక ధరా?

గిటార్ల చరిత్ర తెలిసినవారు నాకూ నా మిత్రుడికీ మధ్య ఉన్న ఈ తగవు తీర్చాలి. ఫెండర్ సంస్థ 1958లో జాజ్ వాద్యకారుల కోసమని జాజ్‌మాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్‌ను తెచ్చింది. వాళ్లు పెద్దగా పట్టించుకోలేదు, సముద్రపు అలల మీద ఆటను తలపించే సర్ఫ్ రాక్ వాయించే బ్యాండ్లు అందుకున్నాయి. 1980 ప్రాంతంలో తయారీ ఆగిపోయింది. ఆ తర్వాతే రొద నిండిన రాక్ వాయించే సోనిక్ యూత్ బృందం, గిటారిస్టులు జె. మాస్కిస్, కెవిన్ షీల్డ్స్ దాన్ని మళ్లీ మోగించారు.

"పేరున్నవాడు పట్టుకుంటే చీపురుకట్టకైనా గిరాకీయే" అంటాడు నా మిత్రుడు. నాకు అంత సులువుగా తోచదు. ఎవరికీ అక్కరలేదు కాబట్టే కదా అది డబ్బులేని కుర్రాళ్లకు చవకగా దొరికింది!

ఈమధ్య ఒకటి వాయించి చూశాను. స్వరాన్ని ఊపే ట్రెమొలో కడ్డీని అంటీముట్టనట్టు నొక్కితే చాలు, స్వరం నీటి మీద నీడలా ఊగింది. తీగలు ఆనే బ్రిడ్జి వెనక మిగిలిన తీగను గిల్లితే చిరుగంటల్లాంటి మోత. జాజ్‌కు అడ్డొచ్చే ఈ గుణమే రొద సంగీతానికి వరమైందని నా అనుమానం.

గిబ్సన్ సంస్థ తయారీ ఆపేసిన పాత లెస్ పాల్ గిటార్ సంగతిలో మాత్రం మిత్రుడిదే పైచేయి: 1966లో పేరున్న గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ దానితో రికార్డు చేశాడు, 1968లో గిబ్సన్ పాత నమూనాను మళ్లీ తయారుచేసింది. జాజ్‌మాస్టర్‌కూ అదే లెక్కా? 1980లలో, 90లలో కొన్నవారు ఉంటే నిజం చెప్పండి. ఎవరినైనా చూసి కొన్నారా, ధర చూసి కొన్నారా? లేక ఆ మోత విని మనసు పారేసుకున్నారా?