ఇంగ్లండ్‌ని ప్రొటెస్టెంట్ దేశం చేసింది అసలు ఎవరు? హెన్రీయా, ఎలిజబెతా?

దూరవిద్య_ఎంఏ: అందరికీ నమస్తే. 1603 దాకా ఇంగ్లండ్‌ని ఏలిన ట్యూడర్ వంశం మీద అసైన్‌మెంట్ రాయాలి. ఎనిమిదో హెన్రీ, ఆయన తర్వాత వరసగా ఏలిన ఆయన పిల్లలు ఎడ్వర్డ్, మేరీ, ఎలిజబెత్, పోప్ కింద ఉన్న క్యాథలిక్ దేశం ప్రొటెస్టెంట్‌గా మారడంలో ఈ నలుగురిలో ఎవరి వాటా ఎంత? జనం నిజంగా మారారా, భయపడి తలూపారా? ఎలిజబెత్ తర్వాత రాజైన జేమ్స్ దాకా రాయాలా, ఎలిజబెత్‌తో ఆపేయొచ్చా?

యార్క్‌షైర్_వదిన: మా ఇంటి నుంచి ఫౌంటెన్స్ అబ్బే అనే పాత క్రైస్తవ మఠం దగ్గరే, ఎవరొచ్చినా అక్కడికే తీసుకెళ్తాం. పైకప్పు లేకుండా అంత పెద్ద గోడలు నిలబడి ఉంటాయి, 1539లో హెన్రీ మూయించి పైకప్పు సీసం కూడా ఊడదీసి అమ్ముకున్నారు. 1536 నుంచి 1540 లోపు దేశం మొత్తం మీద దాదాపు 800 మఠాలు పోయాయి. భూములు రాజు చేతికొచ్చాక ఆయనేమైనా ఉంచుకున్నాడా, యుద్ధాల ఖర్చుకని జమీందార్లకీ ఆస్థానంలో వాళ్లకీ అమ్మేశాడు, అత్త సొమ్ము అల్లుడి దానం. కొన్నవాడు మళ్లీ పోప్ రావాలని ఎందుకు కోరుకుంటాడు చెప్పండి? తర్వాత మేరీ వచ్చి దేశాన్ని రోమ్‌తో కలిపినప్పుడు కూడా ఆ భూములు కొన్నవాళ్ల దగ్గరే ఉంటాయని పోప్ ఒప్పుకుంటేనే పార్లమెంటు సరే అంది. నా ఓటు రిజిస్ట్రేషన్ కాగితాలకే, బైబిల్‌కి కాదు.

ట్యూడర్_మాస్టారు: వదిన గారు చెప్పింది సగమే. డిగ్రీ పిల్లలకి ఈ పాఠం ఏళ్ల తరబడి చెప్తున్నవాణ్ణి, రాసుకోండి: హెన్రీ ప్రొటెస్టెంట్ కానే కాదు. ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన లూథర్‌ని తిడుతూ పుస్తకం రాసినందుకు 1521లో పోప్ చేతే 'విశ్వాస రక్షకుడు' బిరుదు తీసుకున్నాడు. 1534లో చర్చికి తనే పెద్ద అన్నాడు కానీ 1539లో ఆరు సూత్రాల చట్టం తెచ్చి, రొట్టె క్రీస్తు శరీరం అవుతుందని నమ్మనివాణ్ణి కాల్చేస్తానన్నాడు, ఫాదర్లకి పెళ్లి వద్దన్నాడు. 1540 జూలై 30న లండన్ స్మిత్‌ఫీల్డ్‌లో ఒకే రోజు ముగ్గురు ప్రొటెస్టెంట్లని కాల్చి, పోప్ పక్షం ముగ్గురిని ఉరేసి నరికించాడు. ఇది చదివాక కూడా ఎవరైనా 'హెన్రీ ప్రొటెస్టెంట్ మతం తెచ్చాడు' అని రాస్తే నేను మార్కులు వెయ్యను.

నల్లకోటు_నాని: మీరు వెయ్యకపోతే ఏంటి సార్, ఆయన పేపర్ మీరు దిద్దట్లేదుగా 😀 అసలు కథ పెళ్లి కాదా? హెన్రీ మొదటి భార్య క్యాథరిన్‌తో పెళ్లి చెల్లదని రాయమంటే పోప్ ఎలా రాస్తాడు, 1527లో రోమ్‌ని దోచుకున్నది ఆవిడ మేనల్లుడు చార్లెస్ చక్రవర్తి సైన్యమేగా, పోప్ వాళ్ల గుప్పిట్లో ఉన్నాడు.

ఎడ్వర్డ్_అభిమాని: ఎడ్వర్డ్‌ని అందరూ దాటేస్తారు. తొమ్మిదేళ్లకే రాజయ్యాడు, పెత్తనం పెద్దలది, అయినా అసలు మార్పు ఆ ఆరేళ్లలోనే. 1549లో ఇంగ్లిష్ ప్రార్థనల పుస్తకం, ఫాదర్ల పెళ్లికి అనుమతి, చర్చి గోడల మీద బొమ్మలకి సున్నం, రాతి బలిపీఠాలు తీసి చెక్క బల్లలు. కార్న్‌వాల్, డెవన్ జనం తిరగబడి ఎక్సెటర్‌ని ముట్టడించారు. దీని గురించి ఎవరైనా మాట్లాడండి ప్లీజ్.

స్మిత్‌ఫీల్డ్_శీను: మేరీ గురించి మాట్లాడండి ముందు. నాలుగేళ్లు నిండకుండా దాదాపు 280 మందిని సజీవంగా కాల్చింది, అందులో నేతపనివాళ్లు, ఆడవాళ్లు ఉన్నారు. క్రాన్మర్ ఆర్చిబిషప్‌ అంతటివాడు, నమ్మకం వదులుకుంటున్నానని సంతకాలు పెట్టినా 1556లో వదల్లేదు. జనం క్యాథలిక్ మతం మీద విరక్తి చెందింది అక్కడే.

గుంటూరు_ఆర్‌సీఎం: వచ్చేసింది 'రక్తపు మేరీ' పాట. ఆ పేరు నిలిచింది ఎలిజబెత్ కాలంలో 1563లో అచ్చేసిన అమరవీరుల పుస్తకం వల్ల, గెలిచినవాళ్లు రాసుకున్న లెక్క. మరి ఎలిజబెత్ చంపించిన దాదాపు 190 మంది క్యాథలిక్కులు మనుషులు కాదా? యార్క్‌లో మార్గరెట్ క్లిథెరో అనే గృహిణి ఫాదర్లని ఇంట్లో దాచిందని కేసు పెట్టి, కోర్టులో జవాబు చెప్పనందుకు 1586లో మీద బరువులు పెట్టి నలిపి చంపారు. వదిన గారూ, మీ ఊరి పక్కదే కదా, చెప్పరేం?

స్మిత్‌ఫీల్డ్_శీను: అన్నా, అవి రాజద్రోహం కేసులు. 1570లో పోప్ ఐదో పయస్ 'ఈ రాణి మాట వినకండి' అని ప్రజలకి ఆజ్ఞ ఇచ్చాడు. ఏ ప్రభుత్వం ఊరుకుంటుంది?

గుంటూరు_ఆర్‌సీఎం: విదేశంలో ఫాదర్ అయ్యి దేశంలో అడుగుపెట్టడమే రాజద్రోహం అని 1585లో చట్టం చేసి, తర్వాత 'మతం కోసం కాదు, ద్రోహం కోసం' అంటే ఎట్లా? పూజకి రాకపోతే 1559లో 12 పెన్నీల జరిమానా, 1581కల్లా నెలకి 20 పౌండ్లు. అదీ ద్రోహమేనా?

స్మిత్‌ఫీల్డ్_శీను: 45 ఏళ్లలో 190కీ నాలుగేళ్లలో 280కీ తేడా తెలియకపోతే నేనేం చెయ్యలేను, కాలిక్యులేటర్ తీసుకోండి.

గుంటూరు_ఆర్‌సీఎం: శవాలకి రేట్ కట్టే వాళ్లతో నాకు మాటల్లేవు.

ట్యూడర్_మాస్టారు: ఇద్దరూ ఆగండి. మేరీ ఓడింది మంటల వల్ల కాదు, టైమ్ లేక. ఐదేళ్లకే పోయింది, 1558 నవంబర్ 17న, అదే రోజు ఆవిడ కుడిభుజం కార్డినల్ పోల్ కూడా. పిల్లల్లేరు. ఎలిజబెత్ దాదాపు 45 ఏళ్లు ఏలింది. పాత పూజ చూసిన తరం పోయింది, కొత్తదే అలవాటైన తరం పెరిగింది. ఇదే జవాబు.

డోర్నకల్_అబ్బాయి: మా దగ్గర అజరయ్య గారు 1912లో బిషప్ అయింది కూడా హెన్రీ పోప్ నుంచి విడదీసిన ఈ ఇంగ్లండ్ చర్చిలోనే, అదే ఆంగ్లికన్ చర్చి, భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్. 1947లో సీఎస్‌ఐలో (దక్షిణ ఇండియా సంఘం) కలిశాం. హెన్రీ పెళ్లి గొడవ మా ఊరి దాకా వచ్చిందని మా తాతకి చెప్తే నమ్మలేదు.

పాతకాగితం: జనం మారారా అని అడిగారు కదా, దానికెవరూ చెప్పలేదు. డెవన్‌లో మోర్‌బాత్ అనే చిన్న ఊళ్లో క్రిస్టఫర్ ట్రైకే అనే ఫాదర్ 1520 నుంచి 1574 దాకా ఉన్నాడు, ఈ నలుగురు పాలకుల కింద అదే చర్చిలో. ఊరి లెక్కల పుస్తకం ఇప్పటికీ ఉంది. ఎడ్వర్డ్ టైమ్‌లో చర్చి సామాను అమ్మేసుకున్నారు, మేరీ రాగానే జనం దాచినవి తెచ్చి ఇచ్చారు, ఎలిజబెత్ రాగానే మళ్లీ సర్దేశారు. 1549 తిరుగుబాటుకి ఐదుగురు కుర్రాళ్లని ఖర్చులిచ్చి పంపింది కూడా ఆ ఊరే. భయం, నమ్మకం రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి.

ఎడ్వర్డ్_అభిమాని: థాంక్యూ! 1549 అన్న మాట ఒక్కరైనా ఎత్తారు.

దూరవిద్య_ఎంఏ: మరి జేమ్స్ రాయాలా వద్దా?

నల్లకోటు_నాని: రాయండి. 1605లో కొందరు క్యాథలిక్కులు పార్లమెంటుని పేల్చెయ్యాలని చేసిన గన్‌పౌడర్ కుట్ర, 1611లో జేమ్స్ చేయించిన ఇంగ్లిష్ బైబిల్. రెండు పేరాలు చాలు.

గుంటూరు_ఆర్‌సీఎం: రాసేటప్పుడు ఇదీ రాయండి, 1701 చట్టం ప్రకారం క్యాథలిక్ సింహాసనం ఎక్కకూడదు. 2013లో క్యాథలిక్‌ని పెళ్లి చేసుకోవచ్చని మార్చారు, రాజు మాత్రం ఇప్పటికీ క్యాథలిక్ కాకూడదు.

స్మిత్‌ఫీల్డ్_శీను: మాటల్లేవన్నారుగా.

కొత్తపెళ్లికొడుకు: వదిన గారూ, వచ్చే నెల లీడ్స్ వస్తున్నాం, ఆ ఫౌంటెన్స్ అబ్బేకి టికెట్ ఉందా?

యార్క్‌షైర్_వదిన: ఉంది నాన్నా, పాత కట్టడాలు చూసుకునే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ మెంబర్లకి ఫ్రీ. గొడుగు తెచ్చుకోండి, లోపల పైకప్పు లేదని చెప్పాగా.