డబ్బు పాఠాలు చెప్తే అప్పులు తగ్గుతాయా? మీరైతే రిపోర్టులో ఏం రాస్తారు?

కాలువగట్టు:
ఒక స్వచ్ఛంద సంస్థలో పని చేస్తాను, పేరు వద్దులెండి. కృష్ణా డెల్టాలో పన్నెండు ఊళ్లలో డ్వాక్రా సంఘాల ఆడవాళ్లకి రెండు రోజుల క్లాసు పెట్టాం. ఇంటి ఖర్చు రాసుకోవడం, నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ఎంత పడుతుందో లెక్కేయడం, బంగారం తాకట్టు, బీమా, లోన్ యాప్‌ల మోసాలు, ఇలాంటివి. క్లాసుకి ముందు ఇంటింటికీ వెళ్లి వివరాలు రాసుకున్నాం, అయ్యాక కొన్ని నెలలకి మళ్లీ వెళ్లాం. ముందు పది ప్రశ్నల్లో మూడు నాలుగు సరిగ్గా చెప్పినవాళ్లు ఇప్పుడు ఏడెనిమిది చెప్తున్నారు. అంతకంటే పెద్ద విషయం, బయట వడ్డీకి తెచ్చిన అప్పు ఉందని చెప్పిన ఇళ్లు సగానికి తగ్గాయి. డబ్బులిచ్చిన వాళ్లు రిపోర్టు అడుగుతున్నారు, మా సార్ "ప్రోగ్రాం సక్సెస్" అని రాసి పంపెయ్యమంటున్నాడు. నాకెందుకో చెయ్యి రావట్లేదు. లెక్కలు మరీ బాగున్నాయి, అదే నా టెన్షన్.

లెక్కల మాస్టారు:
చెయ్యి రాకపోవడమే మంచిది. మార్కులు పెరగడం సంగతి పక్కన పెట్టండి, నిన్న చెప్పింది ఇవాళ అడిగితే మా పిల్లలూ చెప్తారు. డబ్బు విషయంలో మనిషి చేసే పని మారిందా అన్నదే ప్రశ్న. 2014లో ముగ్గురు ప్రొఫెసర్లు 168 పరిశోధన పత్రాల్ని కలిపి లెక్క చూశారు. మనుషులు డబ్బు వాడే తీరులో ఉన్న తేడాల్లో ఈ శిక్షణల వల్ల వచ్చింది ఎంతో తెలుసా, 0.1 శాతం. ఎక్కువ గంటలు పెట్టి చెప్పిన క్లాసుల ప్రభావం కూడా 20 నెలలు దాటేసరికి దాదాపు మిగల్లేదు. మీ రెండు రోజుల క్లాసుకి సగం అప్పులు ఎగిరిపోయాయంటే నేను నమ్మను, క్షమించాలి.

కాఫీ కప్పు:
మాస్టారూ, ఆ 2014 లెక్క ఒక్కటే పట్టుకుని కూర్చుంటే ఎలా? 2022లో ఇంకో లెక్క వచ్చింది. ఎవరికి క్లాసు, ఎవరికి లేదు అన్నది లాటరీ వేసి తేల్చిన అధ్యయనాలు మాత్రమే తీసుకున్నారు, 33 దేశాల్లో 76 అధ్యయనాలు, మొత్తం లక్షా అరవై వేల మందికి పైనే. వాటిని కలిపి చూస్తే తెలివిడీ పెరిగింది, నడవడికా కొంత మారింది. గొప్పగా ఏం కాదు, కానీ సున్నా కాదు. మీరేమో క్లాసులన్నీ దండగ అన్నట్టు మాట్లాడుతున్నారు.

లెక్కల మాస్టారు:
దండగ అనలేదు. ఈయన దగ్గరున్న లెక్కతో పనికొచ్చిందో లేదో తేలదు అంటున్నా. మీరు చెప్పిన 76లోనూ లాటరీ ఉంది కదా, ఈయన దగ్గర ఉందా? క్లాసు జరగని ఊళ్లు పక్కన పెట్టుకుని వాటితో పోల్చారా?

కాలువగట్టు:
లేదు సార్. అన్ని ఊళ్లకీ క్లాసు చెప్పాం. పోల్చడానికి ఏమీ లేదు.

పాత సీసీ:
డ్వాక్రా సంఘాల్ని చూసే 'వెలుగు' ప్రభుత్వ పథకంలో ఏడేళ్లు సీసీగా, అంటే కోఆర్డినేటర్‌గా, చేసి మానేసినవాణ్ణి, అందుకని లోపలి మాట ఒకటి చెప్తా. క్లాసుకి ఎవరొస్తారు? ఏ సంఘం బాగా నడుస్తుందో, ఎవరి పొదుపు ఒక్క నెల కూడా ఆగదో వాళ్లే ముందు వరసలో ఉంటారు. అప్పుల్లో మునిగిపోయిన మనిషి మీటింగుకే రాదు, వస్తే పదిమందిలో అడుగుతారని భయం. మిగతావాళ్లు ఎందుకొస్తారంటే, ఊళ్లో సంఘాల పుస్తకాలు చూసే వీఓఏ ఫోన్ చేసి "రాకపోతే సంఘానికి బ్యాంకు ఇచ్చే లింకేజి లోను ఆలస్యమవుద్ది" అని ఒక మాట వదుల్తుంది. వచ్చి సంతకం పెట్టి, ఫోటో దిగి, సాయంత్రం బస్సు టైముకి లేచిపోతారు. పైకి పోయే రిపోర్టులో ఆ ఫోటోనే సాక్ష్యం. మా టైములో ఎన్ని క్లాసులు పెట్టాం, ఎంతమంది వచ్చారు, అంతే అడిగేవాళ్లు. ఎవరి అప్పు ఎంత తగ్గింది అని ఒక్క పై అధికారి కూడా నన్ను అడగలేదు, నిజం చెప్తున్నా. 2014లో జన్‌ధన్ మొదలైనప్పుడూ ఇదే కథ, ఖాతాలు ఎన్ని తెరిచారన్నదే లెక్క, అందులో డబ్బు వేసుకుంటున్నారా లేదా అన్నది తర్వాతెప్పుడో అడిగారు.

ఇంకోటి. మీరు రెండోసారి వెళ్లినప్పుడు వివరాలు అడిగింది ఎవరు?

కాలువగట్టు:
మేమే. క్లాసు చెప్పిన అమ్మాయిలే వెళ్లారు.

పాత సీసీ:
అయిపోయింది. "బయట వడ్డీకి తేకూడదు" అని రెండు రోజులు చెప్పిన అమ్మాయి గుమ్మంలోకొచ్చి "అక్కా, బయట వడ్డీకి ఏమన్నా తెచ్చావా?" అంటే ఏ అక్క తెచ్చానంటుంది?

రెండో లీడర్:
నేను సంఘంలో రెండో లీడర్ని, మాదీ డెల్టాయే. మీరందరూ మా గురించే మాట్లాడుకుంటున్నారు కాబట్టి నేనూ రాస్తున్నా.

నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి ముప్పై ఆరు అని మాకు తెలుసు సార్. మీరు కంప్యూటర్లో కొట్టేలోపు మేం నోటితో చెప్తాం. మా సంఘంలో చదువురాని ఆమె ఒకామె ఉంది, చీటీ పాట రోజున ఎవరు ఎంతకి పాడితే తనకి ఎంత మిగులుద్దో వేళ్ల మీద లెక్కేస్తుంది, ఇంతవరకు తప్పు రాలా. మరి ఐదు రూపాయల వడ్డీకి ఎందుకు తెస్తాం? మొన్న మా ఆడపడుచుకి రాత్రి పదకొండింటికి నొప్పులొచ్చాయి, ఆసుపత్రిలో ముందు ఇరవై వేలు కట్టమన్నారు. ఆ టైములో తలుపు తీసింది వడ్డీ వ్యాపారి ఒక్కడే. బ్యాంకు తీయలేదు, సంఘం డబ్బు తీర్మానం రాసి పుస్తకంలో సంతకాలు అయితేగానీ రాదు. మాకు తెలివి లేక కాదు, మాకు అర్ధరాత్రి బ్యాంకు లేక. ఆ మాట మీ పది ప్రశ్నల్లో ఉందా?

పొదుపు సంగతా? నెల్లూరు జిల్లాలో దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచాక, ఆ ఊపులోనే పొదుపులక్ష్మి అని రోజుకి రూపాయి దాచడం మొదలైంది, మా అమ్మ అప్పట్నుంచీ దాచింది. వాళ్లకి ఎవరు క్లాసు చెప్పారండీ? సారా దుకాణం మూయించాక ఇంట్లో రూపాయి మిగిలింది, మిగిలింది కాబట్టి దాచారు.

కాఫీ కప్పు:
అక్కా, మీ మాటతో నాకు పేచీ లేదు. ఇండోనేషియాలో కూడా ఇదే తేలింది, బ్యాంకు ఖాతా గురించి పాఠం చెప్తే మొత్తం మీద పెద్ద తేడా రాలేదు, ఖాతా తెరిస్తే చేతికి కొంచెం డబ్బు ఇస్తామంటే మాత్రం తెరిచారు. కానీ అదే అధ్యయనంలో, డబ్బు లెక్కలు బొత్తిగా తెలియనివాళ్లకి పాఠం కాస్త ఉపయోగపడింది. మీ సంఘం వాళ్లు గట్టివాళ్లు. అందరూ మీలాగే ఉంటారా?

ఇంకా ఏం చెప్పారన్నది కూడా తేడా చేస్తుంది. డొమినికన్ రిపబ్లిక్‌లో చిన్న వ్యాపారులకి ఒక గుంపుకి పద్ధతిగా అకౌంట్లు నేర్పారు, ఇంకో గుంపుకి "కొట్టు డబ్బు ఒక సొరుగులో, ఇంటి డబ్బు ఇంకో సొరుగులో" లాంటి మోటు సూత్రాలు చెప్పారు. అకౌంట్లు నేర్చుకున్నవాళ్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదు, సొరుగులవాళ్లు బాగుపడ్డారు. కాలువగట్టు గారూ, మీ రెండు రోజుల్లో ఎన్ని అంశాలు పెట్టారు?

కాలువగట్టు:
పద్నాలుగు.

కాఫీ కప్పు:
పద్నాలుగా!! పెళ్లి భోజనంలో కూడా అన్ని ఐటమ్స్ గుర్తుండవు కదండీ.

జగిత్యాల టు షార్జా:
అన్నా నాదొక మాట. నేను పదకొండేళ్లుగా గల్ఫ్‌లో ఉన్నా. వచ్చేముందు మాకు కూడా ఒక పూట చెప్పిన్రు, పైసలు దాచుకోండ్రి, ఇంటికి ఊకె పంపకుండ్రి అని. నేను దాచుకుందామనుకున్న, ఇంట్ల వాళ్లకి ఆ ముచ్చట తెల్వదు. నేను పంపింది పంపినట్టే బోర్లకి, పెండ్లిళ్లకి, ఇల్లు కట్టుడుకి పోయింది. ఇండోనేషియాల గిదే సంగతి మీద ఒక పరిశోధన చేసిన్రని చదివిన. పోయేటోనికి ఒక్కనికే చెప్తే ఏం మారలేదు, ఇంట్లోవాళ్లకి చెప్తే కొంత మారింది, ఇద్దరికీ కలిపి చెప్తే పొదుపు మంచిగ పెరిగింది. మరి మీరు ఆడోళ్లకే చెప్తున్రు, మొగోళ్లు ఏడ పోయిన్రు? సంఘం లోను ఆమె పేరు మీద, ఖర్చు ఆయన చేతుల. ఆమెకి వంద మార్కులొచ్చినా ఏం ఫాయిదా?

రెండో లీడర్:
తమ్ముడూ, ఈ మాట ముందే చెప్పాల్సింది. మా ఆయన క్లాసుకి వస్తే ఆ రోజు నేను పండగ చేస్తా.

లెక్కల మాస్టారు:
బాగుంది, కానీ అసలు ప్రశ్న జారిపోతోంది. ఏది పనికొస్తుందో ఇక్కడ కూర్చుని తేల్చలేం, తేల్చే పద్ధతి మాత్రం ఉంది. వచ్చే విడతలో ఊళ్ల పేర్లు చీటీలు రాసి తీయండి. సగం ఊళ్లకి ఇప్పుడు, సగం ఊళ్లకి ఏడాది తర్వాత. రెండు రకాల ఊళ్లకీ ఒకే వారంలో వెళ్లి అడగండి, అడిగేవాళ్లు బయటవాళ్లు అయ్యుండాలి. నోటిమాట కాకుండా, వాళ్లు ఒప్పుకుంటే పాసుపుస్తకం, తాకట్టు రసీదు చూడండి. అన్నిటికంటే ముఖ్యం, క్లాసుకి వచ్చినవాళ్లనే కాదు, ఊళ్లో సంఘం సభ్యులందరిలోంచి కొందర్ని ఎంచి అడగండి, లేకపోతే పాత సీసీ గారు చెప్పిన ముందు వరస వాళ్లే దొరుకుతారు.

పాత సీసీ:
సగం ఊళ్లకి ఆపితే ఊరుకుంటారా మాస్టారూ? పక్క ఊరికి వచ్చింది మాకు రాలేదని సమాఖ్య మీటింగులో గొడవ చేస్తారు. సర్పంచి ఫోన్లు. మీరు కాగితం మీద లాటరీ అంటారు, కింద తిట్లు తినేది మేం.

లెక్కల మాస్టారు:
ఈ ఏడు మొత్తం ఊళ్లకి డబ్బు ఎలాగూ లేదు కదా. ఎవరికి ముందు అన్నది మీరు ఇప్పుడు ఎలా తేలుస్తున్నారు, పరిచయాన్ని బట్టేగా? దానికంటే చీటీ నయం. హైదరాబాద్‌లోనే చేశారు, ఆర్థికవేత్తలు బెనర్జీ, డఫ్లో వాళ్లు, 2019లో నోబెల్ వచ్చింది వాళ్లకే. 104 బస్తీల్లో లాటరీతో ఎంచిన 52 చోట్ల స్పందన సంస్థ చిన్న అప్పులు ముందుగా ఇచ్చింది, ఏడాది పైన ఆగి రెండు రకాల బస్తీల్నీ పోల్చారు. మైక్రో అప్పుతో పేదరికం పోతుందని ఊదరగొట్టే రోజులవి. తేలిందేమిటంటే కొందరి వ్యాపారాలు పెరిగాయి, ఇంట్లోకి మన్నికైన సామాన్లు వచ్చాయి, మొత్తం ఇంటి ఖర్చు స్థాయి మాత్రం పెరగలేదు. అప్పు పుచ్చుకున్నవాళ్లని మాత్రమే అడిగుంటే "మా జీవితం మారిపోయింది" అనేవాళ్లు, అది పేపర్లో వేసేవాళ్లు.

పాత సీసీ:
సరే, చీటీ ఊళ్లోవాళ్ల ముందే తీయాలి. ఆఫీసులో తీస్తే ఒప్పుకోను.

కాఫీ కప్పు:
అప్పు తగ్గడం ఒక్కటే కొలమానంగా పెట్టకండి దయచేసి. మంచి అప్పు కూడా ఉంటుంది. ఐదు రూపాయల వడ్డీ తీర్చేసి సంఘం లోను తీసుకుంటే మొత్తం అప్పు తగ్గదు, మనిషికి మాత్రం ఊపిరి ఆడుతుంది. ఏ వడ్డీకి ఎంత ఉంది అని విడివిడిగా అడగండి.

రెండో లీడర్:
కాలువగట్టు గారూ, ఇందాకట్నుంచీ ఒకటి అడుగుదామనుకుంటున్నా. మొదటిసారి వివరాలు ఎప్పుడు రాసుకున్నారు, రెండోసారి ఎప్పుడు?

కాలువగట్టు:
మొదటిసారి జూన్ ఆఖరి వారం. రెండోసారి సంక్రాంతి అయిన రెండు వారాలకి. ఏం అక్కా?

రెండో లీడర్:
అయ్యో బాబూ. జూన్‌లో బడి ఫీజులు, పుస్తకాలు, నారుమళ్లకి విత్తనాలు, దుక్కి ఖర్చు. డెల్టాలో ఏ ఇంట్లో అప్పు ఉండదు ఆ నెల? సంక్రాంతికి ధాన్యం డబ్బు చేతికొస్తుంది, వడ్డీవాడు కళ్లం దగ్గరే నిలబడి తన బాకీ పట్టుకుపోతాడు. మీ క్లాసు జరిగినా జరక్కపోయినా అప్పు ఉన్న ఇళ్లు జనవరిలో సగమే ఉంటాయి. మళ్లీ జూన్‌లో రండి, అప్పుడు చూపిస్తా.

లెక్కల మాస్టారు:
నాకు తట్టలేదు ఇది. క్లాసు లేని ఊళ్లు పక్కన ఉంటే అక్కడా సగానికి తగ్గేవి, తేడా సున్నా అని వెంటనే తెలిసేది.

జగిత్యాల టు షార్జా:
అక్కనే పెట్టుకోండ్రి సర్వేకి.

కాలువగట్టు:
ఇప్పుడే ఫైలు తీసి చూశాను. "అప్పు తీర్చడానికి డబ్బు ఎక్కడిది" అని రెండోసారి ఒక ప్రశ్న అడిగాం, అది ఎవరూ లెక్కకట్టలేదు, కాగితాల్లోనే ఉంది. మూడు ఊళ్లవి తిరగేశాను. దాదాపు అన్నిట్లోనూ "వడ్లు అమ్మిన డబ్బు" అనే ఉంది. ఒకటి రెండు చోట్ల "గొలుసు తాకట్టు". మిగతా తొమ్మిది ఊళ్లవి రేపు చూస్తా. మా సార్‌కి ఇప్పుడే ఫోన్ చేశాను, రిపోర్టు జూన్ దాకా ఆపమని అడిగాను, ఆయన డబ్బులిచ్చినవాళ్లకి మార్చిలోపు పంపాలంటున్నాడు. అక్కా, జూన్‌లో మీ ఊరు వస్తే మీ సంఘం వాళ్లతో కూర్చోవచ్చా?

రెండో లీడర్:
రండి. పొద్దున తొమ్మిది లోపు రండి, ఆ తర్వాత అందరం నారుమళ్లలో ఉంటాం. ఫోటోలు వద్దు.