వర్డ్‌ప్రెస్ థీమ్‌లో మార్పులు ఎక్కడ ఉంచాలి: ఫోల్డర్‌లోనా, ఎడిటర్‌లోనా?

నల్లసిరా:
మా సాహిత్య పత్రిక సైటు వర్డ్‌ప్రెస్ (సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్) మీద నడుస్తోంది. కొత్త బ్లాక్ థీమ్‌కు, అంటే పేజీలన్నీ బ్లాకులతో కూర్చే రూపానికి, మారుతున్నాం. కవితల పేజీకి వేరే టెంప్లేట్ (పేజీ అమరిక) కావాలి, శీర్షికల తీరు మారాలి. థీమ్ ఫోల్డర్‌లోకి వెళ్లి ఫైళ్లు దిద్దేయమని ఒకరు, చైల్డ్ థీమ్ లేకుండా చెయ్యి పెట్టవద్దని ఇంకొకరు, తెరమీదే పేజీల రూపం మార్చే సైట్ ఎడిటర్ ఉండగా ఫైళ్ల గొడవ ఎందుకని మరొకరు. మీరేమంటారు?

గోదావరిగట్టు:
మొదటి సలహా ఇచ్చినవారికి ఒక నమస్కారం. అప్‌డేట్ వచ్చిందంటే పాత ఫోల్డర్ పోయి కొత్తది వస్తుంది, మీరు దిద్దినదంతా బూడిదలో పోసిన పన్నీరే. అసలు థీమ్ పక్కనే మరో ఫోల్డర్ పెట్టండి, చైల్డ్ థీమ్ అంటే అదే. అందులో స్టైల్.సీఎస్ఎస్ ఫైలు, దాని తలభాగంలో ‘టెంప్లేట్’ అన్న వరుసలో అసలు థీమ్ ఫోల్డర్ పేరు పొల్లుపోకుండా ఉండాలి. మార్చదలచిన ఫైలును మాత్రమే కాపీ చేసుకోండి. టెంప్లేట్స్ ఫోల్డర్‌లోదైతే ఇక్కడా టెంప్లేట్స్ ఫోల్డర్‌లోనే. వర్డ్‌ప్రెస్ ముందు చైల్డ్‌లో వెతికి, దొరక్కపోతేనే అసలుదానికి వెళుతుంది. థీమ్ కోడ్ ఉండే ఫంక్షన్స్.పీహెచ్‌పీ ఫైలుకు మాత్రం ఈ లెక్క వర్తించదు. రెండూ నడుస్తాయి, చైల్డ్‌ది ముందు. దాన్ని మక్కీకి మక్కీ కాపీ చేస్తే ఒకే ఫంక్షన్‌ను రెండుసార్లు ప్రకటించినట్లై సైటు ఆగిపోవచ్చు.

ఇనుపపెట్టె:
ఇంత తతంగం ఎందుకండీ? 2022 జనవరిలో 5.9 వెర్షన్‌తో సైట్ ఎడిటర్ వచ్చింది. అందులో టెంప్లేట్ తయారుచేసి సేవ్ చేస్తే డేటాబేస్‌లో ఉంటుంది, అప్‌డేట్ దాన్ని తాకదు. కవితలు ఎంపిక చేసే సంపాదకులకు ఎఫ్‌టీపీ (సర్వర్‌కు ఫైళ్లు పంపే పద్ధతి) నేర్పడం ఏం న్యాయం?

గోదావరిగట్టు:
తాకదు, నిజమే. కానీ డేటాబేస్‌లోది ఫైలును కప్పేస్తుంది. కొన్నాళ్లకు ఎవరో ఫోల్డర్‌లో ఫైలు దిద్దుతారు, పేజీ మారదు. క్యాష్‌లో (దాచి ఉంచిన పాత ప్రతిలో) లోపం అనుకుని దాన్ని పదేపదే ఖాళీ చేస్తారు. ఎడిటర్‌లో పాత మార్పు కూర్చుని ఉందని ఎవరికి తడుతుంది?

ఇనుపపెట్టె:
ఎడిటర్‌లోనే ఎగుమతి సదుపాయం ఉంది. మార్పులతో సహా థీమ్ జిప్ ఫైలుగా దిగుతుంది. అయినా మీ చైల్డ్ థీమ్ మాత్రం శాశ్వతమా? రేపు మరో థీమ్‌కు మారితే తల్లితోపాటే పోతుంది.

వత్తుపొల్లు:
అసలు థీమ్‌లో ఉండకూడనిదాన్ని ఇద్దరూ వదిలేశారు. కవితలను ప్రత్యేక పోస్ట్ టైప్‌గా (వేరే రకం రచనగా) నమోదు చేసే కోడ్ ప్లగిన్‌లో, అంటే థీమ్‌తో సంబంధం లేని అదనపు కోడ్ పొట్లంలో, ఉండాలి. థీమ్‌లో ఉంటే, థీమ్ మార్చగానే కవితలు డేటాబేస్‌లో భద్రంగానే ఉండి డాష్‌బోర్డులో మాయమవుతాయి, లింకులు 404 (పేజీ దొరకలేదు) చూపిస్తాయి. ఇంకొకటి: చాలా థీమ్‌లు ఇంగ్లీషు అక్షరాల కొలతతో శీర్షికల లైన్ హైట్ (అక్షరం సైజుతో పోల్చిన వరుస ఎత్తు) 1.1, 1.2 దగ్గర పెడతాయి. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ రెండు వరుసల శీర్షికలో పడితే పై వరుస వత్తులు కింది గుడుల మీదికి దిగుతాయి. చైల్డ్ థీమ్‌లోని థీమ్.జేసన్ అనే సెట్టింగుల ఫైలులో దాన్ని 1.5కు పెంచండి, అక్షరాల మధ్య ఎడం మైనస్‌లో ఉంటే సున్నా చేయండి.

నల్లసిరా:
కవితల కోడ్ ప్లగిన్‌లోకి మారుస్తున్నాం. ఒక సందేహం. ఎడిటర్‌లో ఇప్పటికే రెండు టెంప్లేట్లు చేశాం. చైల్డ్ థీమ్ యాక్టివేట్ చేస్తే అవి వస్తాయా?

ఇనుపపెట్టె:
రావు. ఆ మార్పులు థీమ్ పేరుతో ముడిపడి ఉంటాయి, చైల్డ్ వేరే థీమ్ కిందే లెక్క. ముందు ఎగుమతి చేసి, జిప్‌లోని ఆ రెండు టెంప్లేట్ ఫైళ్లను చైల్డ్ ఫోల్డర్‌లో పెట్టండి. ఈ ఒక్కసారికి గోదావరిగట్టు గారి మాటే చెల్లింది.